సగం వాన

412వ రోజు, సోమవారం

ఉదయం ఎనిమిదిన్నర. వాన 6.0. గాలి తూర్పు నుంచి, రొంతే.

వీధి చివర వానాఫీసు నెల కిందట పెట్టిన బోర్డు మీద ఈ వంతు పన్నెండు మిల్లీమీటర్లు అని ఉండాది. నా రెయిన్‌గేజిలో ఆరు. కళ్ళద్దాలు తుడుచుకొని మల్ల చూసినా. ఆరే.

కళ్యాణదుర్గం తట్టు మండలాఫీసులో ముప్పై ఎనిమిదేండ్లు వాన కొలిచినదాన్ని నేను. మా తట్టు పడేదే తక్కువ, అందుకని పడిన చుక్కను విడిచిపెట్టకుండా రాసేది నా పని. ఊర్లన్నిట్లో మిషన్లు పెట్టినాక కూడా, మిషన్ తప్పు చెప్తే దిద్దేకి ఒక మనిషి ఉండల్ల అని నన్ను మాత్రం తీసేయలేదు. రాష్ట్రంలో చేత్తో వాన కొలిచిన ఆఖరి మనిషిని నేనే. కొలతలో నాకు వంక పెట్టినోళ్ళు ఇంతవరకూ లేరు.

ఈ దీవికి వచ్చి ఏడాది దాటె. రిటైరైనోళ్ళకి ఈడ ఉండేకి చీటీ ఇస్తారు. ఒకటే షరతు. చెరుకు వేసి వేసి చచ్చిపోయిన నేలలో ఇంటికి పది సెంట్లు తీసుకొని పచ్చగా చేయల్ల. వాన కూడా దేవుడిచ్చేది కాదు. మేఘాల ఓడ వచ్చి పేట పేటకీ వంతు ప్రకారం పోసి పోతాది. మా పేట వంతు సోమవారం, శుక్రవారం, తెల్లవారుజామున. కాలం ఆఖర్న కెమెరా ఒకటి ఎగురుకుంటా వచ్చి, తోటలో నూటికి ఎన్ని పాళ్ళు పచ్చగుండాదో లెక్క తీస్తాది. అరవై దాటితే ఇంకో మూడేండ్లు ఉండొచ్చు. దాటకుంటే పెట్టె సర్దుకోవల్ల. నడికాలం లెక్కలో మాకు యాభై ఎనిమిది వచ్చింది.

మా ఆయన నిఖిల్‌కి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది. మా ఊర్లో ఇప్పుడు ఏడాదికి ఏడు నెలలు ఎర్రగాలి, ఇండ్ల తలుపులు తీయనీరు. మల్ల ఆ గాలి పీలిస్తే రెండేండ్లు కూడా కష్టమని డాక్టరమ్మ చెప్పి పంపింది. కాబట్టి నాకు ఆ రెండు పాళ్ళ పచ్చదనం కావల్ల. ఆయనకు చెప్పకుండా నేను రోజూ అదే లెక్కేసుకుంటాండా.

416వ రోజు, శుక్రవారం

వాన 4.5. బోర్డు మీద 9. గాలి లేదు. దండెం మీద మొన్న ఆరేసిన చొక్కా ఇంకా తడిగానే ఉండాది, ఊరగాయ జాడీకి మల్ల బూజు. ఈ ఊర్లో తడి అన్నిటికీ పడతాది, నా గోరుచిక్కుడు పాదులకు తప్ప.

ఇంతకుముందు నాలుగు వంతులు తిరగేసి చూస్తి. 16కి 8. 10కి 5. 13కి 6.5. 12కి 6. రొంత అటూ ఇటూ ఉంటే, గాలికి చెదిరిందిలే, గరాటుకు అంటుకుందిలే అని సరిపెట్టుకుందును. ప్రతి వంతూ సరిగ్గా సగమే. ముప్పై ఎనిమిదేండ్లలో వాన ఎప్పుడూ సగానికి సగం పడింది లేదు. పంచుకునేది మనిషి బుద్ధి. సగం ఉండాదంటే ఆడ ఎవరి చేయో ఉండాది.

ఎవరి చేయో చూసేకి దూరం పోనక్కర్లేదు. గోడ అవతల రిత్విక్ ఉండాడు. డెబ్భై ఏండ్ల మనిషి, ఒంటికాయ. కోనసీమ లంకల్లో పుట్టి పెరిగినోడు. ఆయప్ప లంక సముద్రంలోకి పోయి ఇరవై ఏండ్లయిందంట. నడికాలం లెక్కలో ఆయప్ప తోటకు ఎనభై ఒకటి. అదే నేల, అదే వాన, అదే ఎండ. అరటి గెల నేలను తాకుతాండాది, బెండకాయలు కోసే ఓపిక లేక ముదిరిపోతాండాయి. నా సొరపాదు మాత్రం జ్వరమొచ్చిన పిల్ల మాదిరి తల వాల్చింది.

నీళ్ళు పొయ్యకుండా పాదు ఎట్ల లేస్తాదని మా ఆయన ఎగతాళి. తొట్టి నిండా నీళ్ళు పెట్టుకొని చెంచాతో పోస్తానంట నేను. మా తట్టు పుట్టినోళ్ళకు తొట్టి నిండుగా ఉంటేనే నిద్ర పడతాది, అది ఆయనకూ తెలుసు.

కొలతలో తప్పుందేమో చూడమని కూడా అన్నాడు. నాతో. ఓడలో వచ్చేటప్పుడు నా పాత గేజి గరాటు నుజ్జయింది నిజమే, నాలుగైదు నెలల కిందట ఈడ అంగట్లో ఇంకొకటి కొన్నా. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చినారు. ప్లాస్టిక్‌తో వాన కొలిచే ఖర్మ నాకు పట్టలేదని అది ఆయనకిచ్చేస్తి, విత్తనాలు నానబెట్టుకుంటాండాడు. కొలిచేది మాత్రం నా గాజుగ్లాసుతోనే. ముప్పై ఎనిమిదేండ్లు నా చేతిలో ఉన్న గ్లాసు అది.

418వ రోజు, ఆదివారం

వంతు లేదు. ఎండ.

రిత్విక్ గోనెసంచులు మోసుకొచ్చినాడు, ఆరు. ఒక్కొక్కటి దించేటప్పుడు అటూ ఇటూ చూస్తాండాడు. మల్ల గునపం తీసుకొని మా గోడ వెంబడే మోకాటి లోతు కాలవ తవ్వినాడు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా. నేను కరివేపాకు చెట్టు కాడ నిలబడి ఆకు దూస్తా చూస్తాంటి. అంత ఆకు మాకెందుకో మా ఆయన అడగలేదు.

ఏమన్నా, ఏం పూడుస్తాండావని గోడ మీద నుంచి అడిగితి. ఉలిక్కిపడినాడు. సంచి మూతి గబుక్కున మూసి, ఏదో మట్టి పనండి చెల్లెమ్మగారూ, మా ఊరి కిటుకు, బయటికి చెప్తే పనిచెయ్యదండి అని నవ్వినాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉండాది ఆ నవ్వు. నేను దొంగ అనలేదు, ఏం పూడుస్తాండావంటి, అంతే.

కాలవలో పైపు వేసి, నా తోట కింది తడిని అటు లాగుతాండాడని నా అనుమానం. లాగితే నేలలోది పోతాది, గేజిలోది ఎట్ల పోతాదని మా ఆయన అడిగినాడు. అది కూడా ఎట్లనో రిత్విక్కే చేస్తాండాడు. ఆ లంకలోళ్ళకు నీళ్ళతో ఆడేది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

419వ రోజు, సోమవారం

వాన 7.0. బోర్డు 14.

ఇంగ చాలు. వానాఫీసుకు అర్జీ రాసినా. నా పుస్తకం నుంచి పదకొండు వంతుల కొలతలు ఎత్తి రాసి, కింద నా పాత హోదా పెట్టినా.

మా ఆయన బతిమాలినాడు. ఆయన, రిత్విక్ దినామూ సాయంత్రం పులిజూదం ఆడుకుంటారు. మొన్న దగ్గు ఎక్కువైన దినం రిత్విక్కే అల్లం కషాయం కాచి తెచ్చినాడు, నేను అది మొక్కకు పోస్తి. ఆయనతో ఒక మాట అడిగి చూడు, తిన్నగా అడుగు, కాగితం ఎక్కించొద్దు అని మా ఆయన మాట. అడిగితే జాగ్రత్త పడతాడు, పైపు తీసేస్తాడు అంటి. నీ ఊపిరి కోసమే గదా చేస్తాండా అని కూడా అంటి. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి లోపలికి పోయినాడు.

421వ రోజు, బుధవారం

వంతు లేదు. పడమటి గాలి, మబ్బు.

వానాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చింది. సోలంజ్ అప్పాడూ అని, ఈ దీవి మనిషే. రెండొందల ఏండ్ల కిందట చెరుకు కోసేకి విశాఖ నుంచి ఓడెక్కిన అప్పడు అనే ఆయన వీళ్ళ మూలపురుషుడంట. ఆయమ్మకు తెలుగు రాదు. కాలర్‌కి పెట్టుకున్న బిళ్ళ మాట్లాడతాది. ఆ బిళ్ళకు తెలుగు నేర్పినోళ్ళెవరో గానీ, నన్ను "మాన్యురాలా" అని పిలిచింది. మా ఆయనకు నవ్వొచ్చి దగ్గు పట్టుకుంది.

చెప్పిన సంగతి మాత్రం నవ్వేది కాదు. నా మాదిరి చదువుకున్న కొలతమనిషి పుస్తకం ఈ దీవిలో సాక్ష్యం కింద చెల్లుతాదంట. విచారణ అయ్యేదాకా రిత్విక్ తోట మీద పరదా కడతారు. చుక్క వాన కింద పడకుండా పరదా మీది నీళ్ళు పేట తొట్టిలోకి పోతాయి. దొంగతనం రుజువైతే ఆయప్ప చీటీ రద్దు. అర్జీ తప్పయితే ఆ పరదా విప్పి తెచ్చి నా తోట మీద కడతారు, కాలం ఆఖరుదాకా.

"మాన్యురాలా, తమరు తమ లెక్కను పునఃపరిశీలించుకొనదలచిరా?" అని బిళ్ళ అడిగింది.

లేదంటి. నా పుస్తకం, నా గాజుగ్లాసు సంచిలో పెట్టి సీలు వేసి తీసుకుపోయింది. ముప్పై ఎనిమిదేండ్లలో ఆ గ్లాసు నా ఇల్లు దాటి పోయింది ఇదే మొదలు. ఈ రాసేది ఇంకో నోటుబుక్కులో.

422వ రోజు, గురువారం

పొద్దున ఇద్దరు మనుషులు, ఒక తవ్వే మిషన్. గోడ వెంబడి పాతవీ, కొత్తవీ కాలవలన్నీ తిరగదోడినారు. అరటి పిలకలు రెండు వేళ్ళతో సహా లేచొచ్చినాయి. బెండ వరస మొత్తం పోయింది.

పైపు లేదు. కాలవల నిండా కొబ్బరి డొక్కలు, అదే కాయ మీది పీచు తొక్కలు. వరసగా, బోర్లా, ఇంత శ్రద్ధగా పేర్చి ఉండాయి, బడి పిలకాయల్ని కూర్చోబెట్టినట్టు. డొక్క తడిని పీల్చుకొని నెల దినాలు వేరుకు అందిస్తాదంట. వాళ్ళ లంకల్లో తాతల నాటి పద్ధతి. తీరం నుంచి డొక్కలు ఏరుకొచ్చేకి ఈడ అనుమతి కావల్ల, ఆయప్ప తీసుకోలేదు. దానికి భయపడి సంచి మూసినాడు. ఆఫీసోళ్ళు దానికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చినారు, అంతే.

అయినా పరదా విప్పలేదు. డొక్కలు పచ్చదనానికి కారణం చెప్తాయి గానీ, నా గేజిలో సగం వాన యాడికి పోయిందో చెప్పవని సోలంజ్ అనింది. నేనూ అదే అంటి. గట్టిగానే అంటి.

రిత్విక్ గోడ కాడికి వచ్చినాడు. చేతుల నిండా మట్టి. "అడిగితే చెప్పేవోణ్ణి కదండీ చెల్లెమ్మగారూ. మీ తోటలో కూడా నేనే పాతిపెట్టేవోణ్ణి" అన్నాడు. అడిగినా గదా, నువ్వే నవ్వి దాటేసినావు అంటి. ఆయప్ప చేతుల మట్టి దులుపుకుంటా వెనక్కి పోయినాడు. ఇంకా ఏదో దాస్తాండాడని నాకు అనిపించింది. అనిపించింది అని నిజాయితీగా రాస్తాండా.

423వ రోజు, శుక్రవారం

వాన 10.0. బోర్డు 10.

పదికి పది. మా ఆయన విత్తనాల ప్లాస్టిక్ గ్లాసు కడిగి తెచ్చి కొలిచినా, గాజుది ఆఫీసులో ఉండాది గదా. పక్కన పరదా కట్టిన మొదటి వంతుకే నాకు పూర్తి వాన. ఇంగ దీనికి ఏం జవాబు చెప్తాడు? మా ఆయన్ను పిలిచి చూపిస్తి. చూసినాడు, పోయినాడు. సాయంత్రం పులిజూదం పలక అరుగు మీద ఒక్కటే ఉండింది.

426వ రోజు, సోమవారం

వాన 12.0. బోర్డు 12. సోలంజ్‌కి కబురు పెట్టినా, రెండు వంతులు సరిపోయినాయని. విచారణ ఇంగ ముగించేస్తామని బదులొచ్చింది. తీర్పు పై సోమవారానికి.

పరదా కింద అరటాకులు గోధుమ రంగుకు తిరిగినాయి. వాన లేదు, ఎండా సరిగ్గా లేదు. రిత్విక్ బిందెతో వంటింటి నీళ్ళు తెచ్చి మిరప మొక్కలకు పోస్తాండాడు, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క లోటా. రద్దయితే యాడికి పంపుతారని మా ఆయనను అడిగితి. ఊరే లేని మనిషిని ఊరికి ఎట్ల పంపుతారు, పడవ క్యాంపుకు పంపుతారంట. ఒక్కో పడవలో నలభై మంది.

తప్పు చేసినోడు పడల్ల. అట్లని రాసి, మల్ల చదువుకుంటి.

430వ రోజు, శుక్రవారం

బోర్డు 11.

గాజుగ్లాసు, పుస్తకం నిన్న తిరిగిచ్చినారు. పొద్దున సంతోషంగా గ్లాసు తీసి, తుడిచి, నీళ్ళు పోస్తి. 5.5.

ముందు నాకు కోపమొచ్చింది. పక్కాయప్ప తోట మీద పరదా ఉండాది, ఇంగెవరు? వెనకింటోళ్ళా? ఆ ఇంటి మీద కూడా ఏదో గొట్టం ఉండింది గదా అని పెరట్లోకి పోయి చూస్తి కూడా. అది పొగగొట్టం.

వెనక్కి వచ్చి, గాజుగ్లాసులో నీళ్ళు అట్లనే ప్లాస్టిక్ గ్లాసులోకి వంపినా. ఎందుకు వంపినానో తెలీదు, గాజుది ఆరబెడదామనేమో. ప్లాస్టిక్ గ్లాసు మీద గీత చూస్తి.

11.

అవే నీళ్ళు. ఒక గ్లాసులో అయిదున్నర, ఒక గ్లాసులో పదకొండు. మల్ల ఇందులోకి వంపినా, అందులోకి వంపినా. నాలుగు సార్లు.

గ్లాసు మీది గీతలు గరాటు నోటిని బట్టి గీస్తారు. పెద్ద గరాటు ఎక్కువ నీళ్ళు పట్టుకుంటాది, కాబట్టి దాని గ్లాసు వేరే. చిన్న గరాటు గ్లాసు వేరే. నా పాత గేజి పెద్ద నోరుది. ఈడ కొన్నది దాంట్లో సగం, కాబట్టి పట్టేదీ సగం నీళ్ళే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మాకు చెప్పే పాఠం ఇది. కొత్త పిల్లలకు ఎందరికో నేనే చెప్పినా, గరాటు మారిస్తే గ్లాసు మార్చల్లని. నా చేతిలో మాత్రం ఒకే గరాటు, ఒకే గ్లాసు ముప్పై ఎనిమిదేండ్లు ఉండె. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు పడితి.

వాన అంతా పడింది. ప్రతి వంతూ. పాదులు వాడింది నా చెంచా నీళ్ళకు.

432వ రోజు, ఆదివారం

నిన్న ఏమీ రాయలేదు.

నిన్నంతా ఒకటే లెక్క వేసుకుంటా కూర్చున్నా. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. రేపు తీర్పు వస్తాది, రిత్విక్ పోతాడు, పరదా మడిచి పెట్టేస్తారు. చెప్తే పరదా మా మీదికి వస్తాది. కాలం ఆఖరుకు ఇంకా ఆరు వారాలు. ఆరు వారాలు పరదా కింద ఏ తోటా బతకదు. మా ఆయన మల్ల ఆ ఎర్రగాలిలోకి పోవల్ల. నా తప్పుకు ఆయన ఊపిరి ఎందుకు పోవల్ల? ఇట్ల అనుకుంటి. సిగ్గు లేకుండా అనుకుంటి.

ఈ పొద్దు మధ్యాహ్నం సంగటి ముద్ద ఆయన పళ్ళెంలో పెట్టి, చెప్పేస్తి. రెండు గ్లాసులూ తెచ్చి ముందర పెట్టి చూపిస్తి. ఆయన నీళ్ళను ఒక గ్లాసులోంచి ఇంకోదాంట్లోకి వంపి చూసినాడు. తిట్టలేదు, తిట్టుంటే బాగుండు. నాకు ఏడుపొచ్చింది.

"నాకు చెప్పకుండా ఉంటే నేను తినేవాణ్ణి" అన్నాడు. "ఇప్పుడు నాకూ దిగదు. పొద్దున్నే పోయి చెప్పు."

నీ సంగతి ఏమి కావల్ల అంటి. పళ్ళెం పక్కకు జరిపి, చేయి కడుక్కున్నాడు.

433వ రోజు, సోమవారం

వాన 8.0, చిన్న గరాటు, చిన్న గ్లాసు. బోర్డు 8.

ఆఫీసు తలుపు తీయకముందే పోయి నిలబడితి. కొలత పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. పాత అంకె కనబడేటట్టు దాని మీద ఒక్క గీత గీసి, పక్కన ఒప్పు అంకె రాసి, సంతకం పెట్టల్ల. సోలంజ్ ముందర కూర్చొని, ఈ గరాటు పెట్టినప్పటి నుంచి ఉన్న కొలతలన్నీ అట్ల దిద్దినా. నలభై ఒక్క సంతకాలు. చేయి నొప్పి పుట్టింది. ఆయమ్మ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, అయిపోయేదాకా ఒక్కొక్క అంకెనూ చూసింది.

రిత్విక్ తోట మీద పరదా మధ్యాహ్నానికి విప్పేసినారు. మా మీద కట్టకుండా ఉండేకి మాత్రం ఒక దావ ఉండాదని సోలంజ్ చెప్పింది. నష్టపోయిన మనిషి ఇది కుట్ర కాదు, పొరపాటే అని రాసి సంతకం పెడితే కట్టరు. పన్నెండు దినాలు గడువు.

కాగితం పట్టుకొని ఆయప్ప గేటు కాడికి పోతి. గేటు తీయలేదు. లోపలి నుంచే విన్నాడు. గ్లాసుల సంగతి చెప్తాంటే నా మొగమే చూస్తాండాడు, నేను ఆయప్ప సంచుల్ని చూసినట్టు. అదంతా విని, సంతకం పెడితే నా మీద ఇంకో కేసు ఏదైనా మొదలవుతుందాండి అని అడిగినాడు. లేదంటి. మీరు చెప్పింది ఆఫీసువాళ్ళు నమ్మబట్టి ఒకసారి నా తోట పోయిందండి, ఈసారి నా చేత్తో నేను కొలుచుకుంటాను అన్నాడు. గేజి, రెండు గ్లాసులు ఆయప్ప పెరట్లో పెట్టల్లంట. మూడు వంతులు కొలుస్తాడంట. ప్రతిసారీ ఒకటి ఇంకోదానికి సరిగ్గా సగం వస్తేనే సంతకం.

గోడ మీద నుంచి అందిస్తి.

437వ రోజు, శుక్రవారం

బోర్డు 12. నా కాడ గేజి లేదు.

ఎనిమిదిన్నరకు ఆయప్ప పెరట్లోకి వచ్చి, నిలబడి, గ్లాసును నడుము కాడ పట్టుకొని పై నుంచి తొంగి చూసినాడు. నిలబడి చూస్తే గీత ఎక్కువ కనబడతాది. కండ్లు నీళ్ళకు సమంగా పెట్టి చూడల్ల. నీళ్ళు గ్లాసు అంచులకు రొంత ఎగబాకుంటాయి, నడుమ పల్లంగా ఉంటాది, ఆ పల్లం కాడి గీతే కొలత. నోరు తెరిస్తే చాలు ఆ ముక్క వచ్చేస్తాది. తెరవలేదు. నేను ఏం చెప్పినా, నాకు కావలసిన అంకె రాయించేకి చెప్తాండా అనుకుంటాడు. నేనైనా అట్లనే అనుకుందును.

గాజుదాంట్లో 6.8, ప్లాస్టిక్‌లో 12.5 అని గట్టిగా చదివినాడు. సగం అన్నారు, సగం కాదేంటండి అని నా తట్టు చూసినాడు. రాసుకున్నాడు.

440వ రోజు, సోమవారం

బోర్డు 10. ఆయప్ప లెక్కలో 5.9, 10.4. కాదు అని తల ఊపినాడు.

నేను పోయి చెప్పొస్తా అని మా ఆయన లేచినాడు. వద్దంటి. నువ్వు చెప్తే, పెండ్లాం నేర్పి పంపిందంటాడు, మీ ఇద్దరి నడుమ మిగిలిన రొంత కూడా పోతాది. పెట్టె అటక మీద నుంచి దించినా. ఆయన చలికోటు, ముక్కుకు కట్టుకునే జాలీగుడ్డ రెండూ అడుగున పెట్టినా. ఆ జాలీగుడ్డ చూసి ఆయన మొగం తిప్పుకున్నాడు.

444వ రోజు, శుక్రవారం

బోర్డు 14. ఆఖరి వంతు. రేపటితో గడువు సరి.

ఎనిమిదిన్నరకు రిత్విక్ గేజి తీసినాడు. గ్లాసులోకి వంపినాడు. నడుము కాడ పట్టుకొని వంగి చూడబోయి, ఆగినాడు. నేను గోడకు ఇవతల చీర కొంగు పిడికిట్లో పట్టుకొని నిలబడుంటి.

"మూడు వంతుల్నించీ చూత్తన్నానండి, నేను గ్లాసు పట్టుకున్నప్పుడల్లా మీరు పెదవి కొరుక్కుంటన్నారు" అన్నాడు. "నేను తప్పు చూత్తన్నానాండి?"

నేను చెప్పకూడదన్నా అంటి.

"చెప్పండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

కూర్చోమంటి. గ్లాసు ఆ రాతి మీద పెట్టి, చేత్తో పట్టుకోకుండా, కండ్లు నీళ్ళకు సమంగా తెచ్చుకొని చూడు అంటి. అంచు కాదు, నడుమ పల్లం చూడు. ఆయప్పకు మోకాళ్ళ నొప్పి. తిరగదోడిన కాలవ గట్టు మీద చేయి ఆనించి, మూలుగుతా కూర్చున్నాడు. తల పక్కకు వాల్చి, శానాసేపు చూసినాడు. ఏడు అన్నాడు. ఆ నీళ్ళే ప్లాస్టిక్ దాంట్లోకి వంపి, మల్ల వంగి చూసినాడు. పద్నాలుగండి అన్నాడు.

ఇంకోసారి వంపి చూసుకున్నాడు. ఏడు, పద్నాలుగు. రాసుకున్నాడు. అట్లనే కూర్చొని, బెండ వరస ఉండిన చోటు చూస్తాండాడు. తప్పయిందన్నా అంటి. ఆ మాట గేటు కాడే అనాల్సింది, కాగితం ముందు పెట్టినా.

కాగితం తెమ్మన్నాడు. మోకాలి మీద పెట్టుకొని సంతకం చేసి, గోడ మీద నుంచి నాకు అందించినాడు. నేను పట్టుకున్నాక కూడా ఆ కొస విడవలేదు.

"ఇది బావగారి ఊపిరి కోసం పెట్టానండి. మీకు నా మాట ఒకటే. ఇంక మీరు మా ఇంటి వైపు చూడకండి."

సరేనన్నా అంటి. విడిచినాడు.

476వ రోజు, మంగళవారం

నిన్న కెమెరా వచ్చి పోయింది. వీధి బోర్డు మీద అందరి లెక్కలూ పెట్టినారు. మాకు అరవై ఆరు. తొట్టి ఖాళీ చేసి నెల దినాలు బిందెలతో పోస్తి, సొరపాదు లేచింది. రిత్విక్ తోటకు అరవై ఒకటి. ఎనభై ఒకటి నుంచి అరవై ఒకటి. ఆ ఇరవై పాళ్ళూ నా చేతితో పోయినాయి. మూడేండ్ల చీటీ ఇద్దరికీ వచ్చింది.

మా ఆయన సాయంత్రాలు పక్కింటికి పోతాడు, పులిజూదం ఇప్పుడు వాళ్ళ అరుగు మీద ఆడుకుంటారు. గేజి, గ్లాసులు ఆయన చేతనే తిరిగొచ్చినాయి. ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పడు. నేను అడగను.

479వ రోజు, శుక్రవారం

వాన 11.5. బోర్డు 11.5. గాలి తూర్పు.

ఈ పొద్దు ఓడ ఆలస్యంగా వచ్చింది, తెల్లారినాక పోసింది. నేను గోరుచిక్కుడు కోస్తాంటే మొదలయింది. గోడ అవతల కూడా పడతాండాది, అరటాకుల మీద పెద్దగా చప్పుడు. కొత్త ఆకులు వచ్చుంటాయి, పోయిన నెల అంత చప్పుడు ఉండేది కాదు. తల ఎత్తలేదు. గంప నిండేదాకా వంగే కోసుకుంటి.